అసలే థైరాయిడ్... ఆపై జలుబు!

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు అంటారు కదా! రోజూ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకునే ఇల్లాలికి వానాకాలం రాగానే తుమ్ములు మొదలైతే అలాగే ఉంటుంది. ముక్కు కారుతుంటుంది. తల దిమ్ముగా ఉంటుంది. ఇంట్లో పని మాత్రం ఆగదు. 'సందు చివర షాపులో ఓ జలుబు బిళ్ల తెచ్చి వేసుకోరాదూ' అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అక్కడే సందేహం. రోజూ వేసుకునే మాత్రకీ ఈ బిళ్లకీ పొసుగుతుందా? థైరాయిడ్ ఉన్నవాళ్లకి జలుబు త్వరగా తగ్గదంటారు, నిజమేనా?

జలుబుకు మందు వాడితే వారం, వాడకపోతే ఏడు రోజులు అన్న చమత్కారం మనకు తెలిసిందే. అందులో నిజం చాలానే ఉంది. జలుబు తెచ్చిపెట్టే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి. వాటి మీద యాంటీబయాటిక్స్ పనిచేయవు. వారం, పది రోజుల్లో జలుబు దానంతటదే తగ్గుతుంది. థైరాయిడ్ ఉన్నవారికైనా అంతే. అయితే ఆ వారం రోజుల్లో మనం ఏం మింగుతున్నాం, దేన్ని నిర్లక్ష్యం చేస్తున్నాం అన్నదే అసలు విషయం.

శక్తి తక్కువై కాదు... గురి తప్పి!

ఆటో ఇమ్యూన్ థైరాయిడ్ అనగానే చాలామంది 'నాకు రోగ నిరోధక శక్తి తక్కువ' అనుకుంటారు. అది సరికాదు. ఇక్కడ నిరోధక వ్యవస్థ నీరసించలేదు, గురి తప్పింది. బయటి శత్రువు మీద పడాల్సింది పోయి సొంత థైరాయిడ్ గ్రంథి మీద పడింది. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. గ్రంథి నెమ్మదిగా దెబ్బతిని హార్మోను తగ్గిపోతే హషిమోటో వ్యాధి. 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో నలుగురు మహిళల్లో దీన్ని గుర్తించి వివరించారు. గ్రంథి రెచ్చిపోయి హార్మోను ఎక్కువ తయారైతే గ్రేవ్స్ వ్యాధి. ఐర్లండ్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో దీన్ని వివరించారు. రెండూ ఆడవారిలోనే చాలా ఎక్కువ.

మాత్రలు సరిగ్గా వాడుతూ, టీఎస్‌హెచ్ అదుపులో ఉన్నవారికి మామూలు జలుబు మిగతా అందరికీ వచ్చినట్టే వచ్చిపోతుంది. కాబట్టి జలుబు చేసిందని కంగారుపడి థైరాయిడ్ మాత్ర ఆపేయకండి. ఎక్కువా వేసుకోకండి.

ముందు స్ట్రిప్ తిప్పి చూడండి

మన ఇళ్లలో అన్నిటినీ కలిపి 'థైరాయిడ్ మాత్ర' అనేస్తాం. నిజానికి హార్మోను తక్కువైనవారు వేసుకునేది లెవోథైరాక్సిన్. ఎక్కువైనవారు వేసుకునేది కార్బిమజోల్, మెథిమజోల్ లేదా ప్రొపైల్‌థయోయురాసిల్. జలుబు చేసినప్పుడు ఈ ఇద్దరి జాగ్రత్తలూ ఒకటి కావు. అందుకే మీ స్ట్రిప్ మీద ఏ పేరుందో ఒకసారి చూసుకోండి. వారపత్రికలో చదివిన సలహా అయినా, పక్కింటావిడ చెప్పిన చిట్కా అయినా, ఆ తర్వాతే.

గొంతునొప్పిని చిన్నచూపు చూడొద్దు

మీ స్ట్రిప్ మీద కార్బిమజోల్, మెథిమజోల్, ప్రొపైల్‌థయోయురాసిల్... ఈ మూడింట్లో ఏ పేరున్నా ఈ నాలుగు మాటలూ శ్రద్ధగా చదవండి. ఈ మందులు చాలా అరుదుగా రక్తంలోని ఒక రకం తెల్ల కణాలను ఉన్నట్టుండి పడగొట్టేస్తాయి. ఇన్ఫెక్షన్లతో పోరాడేవే అవి. అవి లేకపోతే చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఈ పరిస్థితి వెయ్యిమందిలో ఐదుగురికి మించి రాదు. వచ్చేవారిలో ఎక్కువమందికి మందు మొదలుపెట్టిన తొలి మూడు నెలల్లోనే వస్తుంది. ఆ తర్వాత అసలు రాదని మాత్రం అనుకోవద్దు.

చిక్కేమిటంటే, దీని మొదటి లక్షణాలు అచ్చం పడిశంలాగే ఉంటాయి. గొంతునొప్పి, జ్వరం, నోట్లో పుండ్లు. 'వాన నీళ్లలో తడిశాను, అందుకే' అని సరిపెట్టుకుని ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ నాలుగు రోజులు గడిపేస్తే పరిస్థితి చేయి దాటిపోతుంది. అందుకే ఈ మందు వాడుతున్నవారికి గొంతునొప్పి, జ్వరం వస్తే మాత్ర అప్పటికి ఆపి, అదే రోజు డాక్టరును కలవాలి. సీబీసీ రక్తపరీక్ష చేయించుకోవాలి. కణాలు సరిపడా ఉన్నాయని తేలాక, మళ్లీ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరే చెబుతారు. వట్టి తుమ్ములూ, ముక్కు కారడమే అయితే మాత్ర ఆపక్కర్లేదు. ఉష్ణోగ్రత మాత్రం చూసుకుంటూ ఉండండి.

జలుబు బిళ్లలో ఏముంటుంది?

షాపులో దొరికే జలుబు బిళ్ల ఒక్క మందు కాదు. జ్వరానికి పారాసిటమాల్, తుమ్ములకు క్లోర్‌ఫెనిరమిన్, ముక్కు దిబ్బడకు ఫినైల్‌ఎఫ్రిన్... కొన్నింటిలో కెఫీన్ కూడా. ముక్కు దిబ్బడ తగ్గించే మందులు రక్తనాళాలను బిగిస్తాయి. వాటితో బీపీ పెరగొచ్చు, గుండె దడదడలాడొచ్చు. హార్మోను ఎక్కువై ఇప్పటికే గుండెదడ, చేతుల వణుకు ఉన్నవారికి ఇది అగ్నికి ఆజ్యం పోసినట్టే. లెవోథైరాక్సిన్ వాడుతూ టీఎస్‌హెచ్ అదుపులో ఉన్నవారికి అంత ముప్పు ఉండదు. కానీ బీపీ, గుండె జబ్బు ఉంటే అడగకుండా వేసుకోవద్దు.

పైగా మింగే ఫినైల్‌ఎఫ్రిన్ వల్ల ముక్కు దిబ్బడ తగ్గుతుందనే నమ్మకమూ సడలింది. అది పనిచేయడం లేదంటూ, డాక్టరు చీటీ లేకుండా అమ్మే మందుల నుంచి దాన్ని తొలగించాలని అమెరికా ఎఫ్‌డీఏ 2024 నవంబరులో ప్రతిపాదించింది. పనిచేయని మందు కోసం గుండెదడ తెచ్చుకోవడం ఎందుకు? ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేసుకుంటే చాలావరకు హాయిగా ఉంటుంది. జైలోమెటజోలిన్ వంటి ముక్కు చుక్కలు తప్పనిసరైనా మూడు నుంచి ఐదు రోజులు దాటకూడదు. దాటితే దిబ్బడ మరింత ముదురుతుంది. హార్మోను ఎక్కువైనవారు వాటినీ డాక్టరును అడిగే వాడాలి.

జ్వరానికి, ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్ మేలు. హార్మోను ఎక్కువ ఉన్నవారు ఆస్పిరిన్ జోలికి పోవద్దు. రక్తంలో ప్రొటీన్లకు అతుక్కుని ఉండే హార్మోనును అది విడుదల చేస్తుంది. ఇంకో సంగతి. జలుబు బిళ్లలో పారాసిటమాల్ ఉన్నదని తెలియక జ్వరం మాత్ర విడిగా వేసుకుంటే మోతాదు రెండింతలవుతుంది. కాలేయానికి అది మంచిది కాదు.

పరగడుపు పేచీ

జలుబు రాగానే మన ఇళ్లలో పొద్దున్నే కషాయం మరుగుతుంది. తులసి, మిరియాలు, అల్లం. లేదంటే తేనె, నిమ్మరసం. అన్నీ పరగడుపునే! లెవోథైరాక్సిన్ కూడా పరగడుపునే కదా. ఆ మాత్రను మంచినీళ్లతోనే వేసుకోవాలి. అరగంట నుంచి గంట వరకు మరేదీ తీసుకోకూడదు. కాఫీ కూడా. కషాయం ఆ తర్వాత తాగండి.

పసుపు వేసిన పాలు మంచివే. పాలలో కాల్షియం ఉంటుంది కాబట్టి మాత్రకు దూరంగా, రాత్రిపూట తాగండి. కొందరు డాక్టరు సలహాతో మాత్రను రాత్రి పడుకోబోయే ముందు వేసుకుంటారు. వాళ్లు పాలను సాయంత్రానికి మార్చుకోవాలి. జలుబు తగ్గాలని జింకు, ఐరన్, కాల్షియం ఉన్న మాత్రలు వాడేవారు థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం పాటించాలి.

జ్వరం మత్తులో ఒకరోజు మాత్ర మరిచిపోయారా? బెంగ వద్దు. లెవోథైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. మర్నాడు ఎప్పటిలాగే వేసుకోండి.

పుక్కిలించే మందూ, నాటు మందూ

గొంతు గరగరగా ఉంటే ముదురు గోధుమరంగు మందుతో పుక్కిలించడం చాలామందికి అలవాటు. అది పొవిడోన్ అయోడిన్. నోటి పొరల ద్వారా అయోడిన్ ఒంట్లోకి చేరుతుంది. థైరాయిడ్ గ్రంథికి ముడిసరుకే అయోడిన్. అది మితిమీరితే జబ్బుపడిన గ్రంథి అదుపు తప్పొచ్చు. థైరాయిడ్ ఉన్నవారు దీన్ని డాక్టరు చెబితే తప్ప వాడొద్దు. గోరువెచ్చని ఉప్పునీళ్లు చాలు.

'ఇమ్యూనిటీ పెంచే' పొడుల విషయంలోనూ అంతే జాగ్రత్త. అశ్వగంధ కొందరిలో థైరాయిడ్ హార్మోనును పెంచుతుంది. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది. మిరియాల చారు, వేడి వేడి అన్నం, కంటినిండా నిద్ర... వీటితో ఏ పేచీ లేదు. ఆవిరి పట్టేటప్పుడు మరిగే గిన్నె దగ్గరకు పిల్లల్ని రానివ్వకండి.

పరీక్షకు తొందరొద్దు

ఒంట్లో బాగాలేదు కదా, పనిలోపని టీఎస్‌హెచ్ కూడా చూపించుకుందాం అనిపిస్తుంది. గట్టి జ్వరం ఉన్నప్పుడు థైరాయిడ్ అంకెలు తాత్కాలికంగా అటూ ఇటూ అవుతాయి. వాటిని నమ్మి మోతాదు మారిస్తే కొత్త తలనొప్పి. మామూలు పరీక్షే అయితే పూర్తిగా కోలుకున్న కొన్ని వారాలకు చేయించుకోండి. ఫ్లూ టీకా వేయించుకోవడానికి థైరాయిడ్ అడ్డం కాదు.

ఇలా ఉంటే ఆలస్యం వద్దు

* హార్మోను ఎక్కువ ఉన్నవారికి తీవ్ర జ్వరం, ఆగని గుండెదడ, వాంతులు, విరేచనాలు, మాట తడబడటం. ఇది అత్యవసర పరిస్థితి.

* మాత్రలు మానేసిన పెద్దవారిలో జలుబు, జ్వరం తర్వాత విపరీతమైన మగత, ఒళ్లు చల్లబడటం. మత్తునిచ్చే దగ్గు మందులు వీరికి అసలు వద్దు.

* ఊపిరాడకపోవడం, ఛాతీలో నొప్పి, మూడు రోజులైనా తగ్గని జ్వరం.

* జలుబు తగ్గిన కొన్ని వారాలకు మెడ ముందు భాగంలో నొప్పి, అది దవడకూ చెవికీ పాకడం. ఇది వైరస్ తర్వాత వచ్చే మరో రకం థైరాయిడ్ వాపు కావచ్చు.

* గర్భిణులు ఏ జలుబు మందైనా డాక్టరును అడిగాకే వేసుకోవాలి.

ఈసారి మందుల షాపు ముందు నిలబడి 'జలుబుకి ఏదైనా ఇవ్వండి' అనకండి. మీరు రోజూ వేసుకునే స్ట్రిప్‌ను చేతిలో పెట్టుకుని వెళ్లండి. 'నేను ఈ మాత్ర వేసుకుంటాను, దీనికి పడేది ఇవ్వండి' అని అడగండి. మీ బదులు పిల్లల్ని పంపినా ఆ స్ట్రిప్ ఇచ్చే పంపండి.