పాచికలు సరే... పాత్ర ఏదీ?

సున్నిపెంటకు అంకెలు కొత్త కాదు. శ్రీశైలం ప్రాజెక్టు కోసం వెలిసిన కాలనీ అది. జలాశయం 885 అడుగులకు చేరితే నిండినట్టేనని అక్కడి చిన్నపిల్లలూ చెబుతారు. అలాంటి ఊళ్లో ఓ ఆదివారం మధ్యాహ్నం, పాత క్వార్టర్సు వరండాలో అయిదుగురు ఇంటర్ కుర్రాళ్లు చాప పరుచుకుని కూర్చున్నారనుకుందాం. ఊహే లెండి! వాళ్ల ముందు క్యారమ్స్ బోర్డు లేదు. పేకముక్కల్లేవు. తలా ఒక కాగితం, పెన్సిలు, మధ్యలో 20 ముఖాల పాచిక. అంతే.

వాళ్లలో ఒకడు సూత్రధారి. కథ మొదలుపెట్టాడు.

‘‘బస్సుల్లేని కాలం. శివరాత్రికి ఆత్మకూరు నుంచి నాగలూటి మీదుగా శ్రీశైలానికి నడిచి పోతున్నారు మీరంతా. పెచ్చెరువు దగ్గర చీకటి పడింది. మంట వేసుకున్నారు. వెనక అడవిలోంచి ఎవరో ముసలమ్మ పిలుస్తున్నట్టుంది. ఏం చేస్తారు?’’

‘‘వెళ్తే పాయింట్లెన్ని?’’ అన్నాడు ఒకడు, కాగితం మీంచి తల ఎత్తకుండా.

ఇంకొకడు కాసేపు ఆలోచించాడు. ‘‘నేను నూనె వ్యాపారిని. చీకటంటే వణుకు. కానీ బయల్దేరేటప్పుడు మా అమ్మకు మాటిచ్చి వచ్చా... దారిలో ఎవర్నీ వదిలెయ్యనని. లాంతరు పట్టుకుని వెళ్తా.’’ పాచిక వేశాడు. నాలుగు పడింది. కాలు జారి వాగులో పడ్డాడు. లాంతరు పగిలింది.

మొదటివాడికి ఒళ్లు మండింది. ‘‘ఉన్నది ఒక్క లాంతరు. నీ వేషాల కోసం అందర్నీ చంపుతావా?’’

ప్రపంచంలో ఎక్కడెక్కడ ఈ ఆట ఆడతారో అక్కడల్లా ఈ తగవు ఉంది. యాభై ఏళ్లుగా ఉంది.

ఆట పేరు రోల్ ప్లేయింగ్ గేమ్. మన మాటల్లో వేషం కట్టి ఆడే ఆట. కాకపోతే రంగు పూసుకోనక్కర్లేదు. కూర్చున్నచోటే, మాటలతోనే. అచ్చులో వచ్చిన మొదటి ఆట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. అమెరికాకు చెందిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చారు. ఓడిపోవడం, గెలవడం అంటూ ఏమీ లేదు. సూత్రధారి పరిస్థితి చెబుతాడు. ఆటగాడు తన పాత్ర ఏం చేస్తుందో చెబుతాడు. ఆ పని జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది.

పాత్ర తయారీ దగ్గరే కిటుకంతా ఉంది. ప్రతి పాత్రకూ ఆరు గుణాలు. బలం, చురుకుదనం, ఓర్పు, తెలివి, వివేకం, ఆకర్షణ. 2014లో వచ్చిన నియమాల్లో ఒక పద్ధతి చూడండి. ఆరూ ఎనిమిది దగ్గర మొదలవుతాయి. పెంచుకోవడానికి 27 పాయింట్లిస్తారు. ఏ గుణాన్నయినా 15 వరకు లాగొచ్చు, దానికి తొమ్మిది పాయింట్లు ఖర్చు. లెక్కలొచ్చిన కుర్రాడు క్షణంలో తేల్చేస్తాడు. మూడు తొమ్మిదులు 27. బలం, చురుకు, ఓర్పు మూడూ 15. తెలివి, వివేకం, ఆకర్షణ మూడూ ఎనిమిదే. కొండను ఢీకొట్టే వీరుడు సిద్ధం!

తప్పేముంది, నియమాలు ఒప్పుకున్నాయిగా? ఒప్పుకున్నాయి. చిక్కు తర్వాత వస్తుంది. తెలివి ఎనిమిదని తనే రాసుకున్న ఆ వీరుడు, ఆటలో మాత్రం చాణక్యుడిలా ఎత్తులు చెబుతుంటాడు. దారిలో ఎవరు చచ్చినా అతనికి బాధ ఉండదు. ఊరుండదు, ఇల్లుండదు, అమ్మానాన్నలుండరు. వాళ్లను పెట్టుకుంటే సూత్రధారి ఎప్పుడైనా ఆపదలో ఇరికిస్తాడని భయం! ఇలాంటివాళ్లకు ‘పవర్ గేమర్’ అని పేరు. మరీ ముదిరితే ‘మంచ్‌కిన్’ అంటారు. పక్కనున్న నలుగురూ అతని యుద్ధాలకు ప్రేక్షకులుగా మిగులుతారు. నాలుగు ఆదివారాలు గడిచేసరికి ఒక్కొక్కరికీ ట్యూషన్ గుర్తొస్తుంది.

ఈ తగవు తెలుగువాళ్లకు బాగా తెలిసిందే. కాకపోతే చాప మీద కాదు, స్టేజీ మీద చూశాం.

తిరునాళ్లలో ‘సత్యహరిశ్చంద్ర’ కాటిసీను చూసినవారు గుర్తు తెచ్చుకోండి. ఒళ్లో కొడుకు శవం. చంద్రమతి ఏడుస్తూ పద్యం ఎత్తుకుంటుంది. రాగం సాగుతుంది, హార్మోనియం వెంట పరిగెడుతుంది. జనంలోంచి ‘వన్స్‌మోర్’ అని కేక. అంతే... కన్నీళ్లు ఆగిపోతాయి. ఎవరో ఒకాయన స్టేజీ ఎక్కి నోటు గుచ్చి దిగుతాడు. కొడుకు శవం పక్కనే చంద్రమతి ఆయనకు నమస్కారం పెట్టి, అదే పద్యం మళ్లీ మొదటినుంచి ఏడుస్తుంది! గొంతు గెలిచింది. మరి చంద్రమతి ఏమైంది?

ఈ ప్రశ్న వేసిన పెద్దమనిషి రాయలసీమలోనే పుట్టాడు. 1880లో తాడిపత్రిలో పుట్టి, బళ్లారిలో ప్లీడరుగా పేరు తెచ్చుకున్న బళ్లారి రాఘవ. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకంలో పాటకు పెద్దపీట వేసినవారు. మేనల్లుడేమో రాగాలాపన నటనను మింగేస్తోందన్నాడు. ఇంట్లోనే రెండు పార్టీలన్నమాట. ‘రామరాజు చరిత్ర’లో పఠాన్ రుస్తుంగా వచ్చినా, దుర్యోధనుడిగా వచ్చినా రాఘవ పద్యాన్ని సాగదీయకుండా మాటతో, చూపుతో పాత్రను నిలబెట్టాడు. 1946లో కన్నుమూసేదాకా అదే ఆయన పట్టు. అయితే వన్స్‌మోర్ ఆగిందా? అబ్బే!

ఎందుకు ఆగలేదు? నోటు రాగానికి గుచ్చారు గనక. నటనకు గుచ్చి ఉంటే కథ వేరేగా ఉండేదేమో.

చాప మీది ఆటలోనూ అసలు మర్మం ఇదే. పవర్ గేమర్‌ని తిట్టిపోసేవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. ఈ ఆట పుట్టిందే యుద్ధాల ఆటల్లోంచి. బొమ్మ సైనికులను పేర్చుకుని, దూరాలు కొలుచుకుని ఆడే ఆటలవి. తొలినాళ్ల ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో గుహలోంచి ఒక బంగారు నాణెం బయటికి తెస్తే ఒక అనుభవ పాయింటు. పాయింట్లు కూడితే పాత్ర పై మెట్టు ఎక్కుతుంది. ముసలమ్మకు దారి చూపిస్తే ఏమొస్తుంది? పుణ్యం! మరి కుర్రాడు దేని వెంట పడతాడు? తన వీరుడికి ఎదురులేదనే ఆటగాళ్లు మొదట్నుంచీ ఉన్నారు. గైగాక్సే వాళ్ల పొగరు దించడానికి ‘టూంబ్ ఆఫ్ హారర్స్’ అనే సమాధి కథ రాశాడు. 1975లో ఓ ఆటల సమావేశంలో ఆడించాడు. కత్తి తిప్పేవాడికి కాక, ఆగి ఆలోచించేవాడికే అందులో బతుకు. చాలామంది వీరులు అక్కడే పోయారు.

వేరేవాళ్లు లెక్కనే మార్చి చూశారు. 1978లో వచ్చిన ‘రూన్‌క్వెస్ట్’లో ఏ పని చేసి నెగ్గితే ఆ పనిలోనే నేర్పు పెరిగే వీలుంటుంది. దోచిన బంగారంతో సంబంధం లేదు. 1981 నాటి ‘కాల్ ఆఫ్ క్తులు’లో అయితే పాత్ర ముందుకెళ్లేకొద్దీ మతి చెదురుతుంటుంది. బలాన్ని నమ్ముకున్నవాడికి అక్కడ పనే లేదు. పెద్దన్న ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ కూడా 2014 నియమాల్లో దిగొచ్చింది. ప్రతి పాత్రకూ నైజం, ఆశయం, బంధం, లోపం రాసుకోమంది. ఆ లోపానికి కట్టుబడి, నష్టమని తెలిసీ ఆడినవాడికి సూత్రధారి ఒక బహుమతి ఇవ్వొచ్చు. తర్వాత ఎప్పుడైనా రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునే అవకాశం. చీకటికి వణికే నూనె వ్యాపారికి ఎట్టకేలకు నోటు గుచ్చారన్నమాట.

అలాగని వేషగాళ్లంతా సాధువులనుకోవద్దు. ‘‘నా పాత్ర దొంగ, అందుకే నీ డబ్బు కొట్టేశా’’ అంటూ తోటివాళ్ల ఆట చెడగొట్టి, అదే పాత్రపోషణ అని దబాయించే ఘనులూ ఉన్నారు. నిజానికి వీళ్లే ఎక్కువ విసిగిస్తారు. లెక్కల వీరుడు కనీసం తోడేలు వస్తే అడ్డంగా నిలబడతాడు! లెక్క కట్టినంత మాత్రాన పాత్ర చచ్చిపోదు కూడా. మంచి గొంతుండీ పాత్రలో నిలిచిన నటులు మన స్టేజీకి లేకపోలేదు. అన్ని పాయింట్లూ బలానికే పోసినవాడు, ‘‘ఇంత బలమున్నా చిన్నప్పుడు తమ్ముణ్ని వాగులోంచి తీయలేకపోయా’’ అని ఒక్క ముక్క కలిపితే చాలు. ఆ 15కు ప్రాణం వస్తుంది.

మన ఇళ్లలో పిల్లలకు పాయింట్ల ఆట వేరే నేర్పనక్కర్లేదు. మార్కులు, ర్యాంకులు చూస్తూనే పెరుగుతున్నారు. వరండాలోని మొదటి కుర్రాడు ‘పాయింట్లెన్ని’ అని అడిగింది అలవాటుకొద్దీనే. అతనికి ఎవరూ వేరే ప్రశ్న వేసి ఉండరు.

సూత్రధారి తెలివైనవాడైతే ఇప్పుడు వేస్తాడు. ‘‘పాయింట్ల సంగతి తర్వాత. నీ వీరుడు శ్రీశైలం ఎందుకు వెళ్తున్నాడు? మొక్కేమిటి?’’

కుర్రాడు కాగితం చూసుకుంటాడు. అందులో జవాబుండదు. కాసేపు పెన్సిలు కొరుకుతాడు. ‘‘...తమ్ముడికి మాట రాలేదు. అందుకని.’’ మిగతా నలుగురూ తలెత్తి చూస్తారు.

‘‘అయితే వాగులో వాడు అరుస్తుంటే వింటూ కూర్చున్నావా?’’

‘‘లేదు. దిగుతున్నా.’’

ఆడి చూడాలనుకునేవారికి పెద్ద ఖర్చేమీ లేదు. ఈ ఆట మూల నియమాలను 2023లో పేరు చెప్పుకుని ఎవరైనా వాడుకునేలా వదిలేశారు. తెలుగులోకి మార్చుకున్నా అడ్డు లేదు. 20 ముఖాల పాచిక దొరక్కపోతే ఒకటి నుంచి 20 వరకు చీటీలు రాసి చెంబులో వేసుకుంటే సరి. తీసిన చీటీ మళ్లీ చెంబులో వేయడం మర్చిపోకూడదు. ఆ ముసలమ్మ ఎవరో మాత్రం సూత్రధారి ముందే చెప్పకూడదు.