మన పల్లెలు మూగవి కావు

నంది కొండ కింది ద్రాక్షతోటల్లో రెండు రోజులు గడిపి రమ్మని బెంగుళూరులో ప్రకటనలు పిలుస్తుంటాయి. అన్నిటిలోనూ ఒకటే మాట: ప్రశాంతమైన పల్లె. శనివారం పొద్దున కారెక్కి, తోట చూసి, నాలుగు రకాల వైను రుచి చూసి, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. వెళ్లొచ్చినవాళ్లూ అదే పాట పాడతారు: "అబ్బ, ఎంత నిశ్శబ్దం! మనిషి అలికిడే లేదు."

నా తగాదా ఆ మాటతోనే, వైనుతో కాదు. తాగేవాళ్లు తాగుతారు, మానేవాళ్లు మానతారు. కానీ మనిషి అలికిడి లేని చోట తీగలను కత్తిరించిందెవరు? గుత్తులు కోసిందెవరు? గ్లాసు కడిగిందెవరు?

ఈ నేలకు ద్రాక్ష కొత్త కాదు. బెంగుళూరు బ్లూ అనే నల్లద్రాక్షను బెంగుళూరు గ్రామీణ, చిక్కబళ్లాపురం, కోలారు వైపు రైతులు నూరేళ్లకు పైగా పండిస్తున్నారు. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఫ్రెంచి రకాలతో వైను తీసే పని 1988లో దొడ్డబళ్లాపురం దగ్గర గ్రోవర్ తోటలతో మొదలైంది. 2007లో కర్ణాటక ప్రభుత్వం వైను విధానం ప్రకటించి, నంది లోయను వైను మండలాల్లో ఒకటిగా చేర్చింది. 2008లో దేవనహళ్లి దగ్గర విమానాశ్రయం తెరిచాక పట్నానికీ పల్లెకూ మధ్య దూరం తగ్గింది. దూరం తగ్గిందే గాని, చెవి దగ్గర కాలేదు.

నిశ్శబ్దమా? అదే దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్టణ హోబళిలో 13 ఊళ్ల రైతులు తమ 1777 ఎకరాలు పరిశ్రమలకు ఇవ్వబోమని 2022 నుంచి మూడేళ్లకు పైగా ధర్నాలో కూర్చున్నారు. ద్రాక్షా కూరగాయలూ పండే భూములవి. 2025 జూలైలో ప్రభుత్వం ఆ భూసేకరణ మానుకుంటున్నట్టు ప్రకటించక తప్పలేదు. ఆ మూడేళ్లూ వారాంతపు కార్లు ఆ దాపునే తిరిగాయి. అయినా వాళ్లకు పల్లె ప్రశాంతంగానే కనిపించింది!

నీళ్ల సంగతి చూడండి. పెన్నా, పాలారు, పొన్నైయారు, అర్కావతి అన్నీ ఈ నంది కొండల చుట్టుపక్కలే పుడతాయి. పుట్టినచోట మాత్రం ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. పూర్వీకులు కట్టిన చెరువులు ఎండాయి, బోర్లు వెయ్యి అడుగులు దాటాయి, ఎన్నో ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడు. బెంగుళూరు వాడి వదిలిన నీటిని రెండు దశల్లో శుద్ధి చేసి 2018 నుంచి కోలారు చెరువులకూ, తరవాత చిక్కబళ్లాపురం చెరువులకూ పంపుతున్నారు. మూడో దశ శుద్ధి కూడా చేయండని రైతులు అడుగుతూనే ఉన్నారు. కావేరి పట్నానికి, పట్నం కడిగిన నీళ్లు పల్లెకు! సీసా మీద కొండ ఎత్తు, నేల గుణం, రాత్రి చల్లదనం ఘనంగా రాసుకుంటారు. బోరు లోతు రాసిన సీసా ఏదీ?

ద్రాక్ష కొంటే రైతుకు నాలుగు డబ్బులు రావా అని అడుగుతారు. వస్తాయి, రావాలి. బిందుసేద్యంతో నీళ్లు పొదుపు చేసే తోటలనూ మెచ్చుకుందాం. కానీ డబ్బిచ్చినంత మాత్రాన ఆ ఊళ్లో మనుషులు లేనట్టు మాట్లాడే హక్కు వస్తుందా?

ఇక మన ఇంటి సంగతి. ఈ తోటలు దాటి గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి వైపు వెళ్లేకొద్దీ మాటలో తెలుగు చిక్కబడుతుంది. అక్కడివాళ్లు ఒక వాక్యం తెలుగులో మొదలెట్టి కన్నడంలో ముగిస్తారు. రెండూ వాళ్లవే. తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు పాడిన కైవారం తాతయ్య వాళ్లవాడే. 1938 ఏప్రిల్ 25న జెండా పట్టుకుని తుపాకీ గుండ్లకు ఎదురు నిలిచిన విదురాశ్వత్థం వాళ్లదే. అలాంటి సీమకు మన పిల్లలే, బెంగుళూరులో మూడు తరాలుగా ఉంటున్న తెలుగిళ్ల పిల్లలే, కారులో వెళ్లి, గేటు దగ్గర పెద్దాయన తెలుగులో పలకరిస్తే ఇంగ్లీషులో జవాబిచ్చి, తిరిగొచ్చి నిశ్శబ్దం గురించి చెబుతున్నారు. వాళ్లకు వినపడనిది పరాయి భాష కాదు, సొంత అవ్వ భాష.

2025 జూలైలోనే నంది కొండ మీద సమావేశమైన మంత్రివర్గం బాగేపల్లిని భాగ్యనగర చేయాలని నిర్ణయించింది. పల్లి పోయి నగర వచ్చింది! దాని మీద మనం కోపగించుకోవచ్చు. కానీ ప్రభుత్వం పేరు మార్చకముందే, మాట వినడం మానేసి మనమే సగం చెరిపేశాం కదా!

కనుక వెళ్లకండి అనను. వెళ్లండి. తోటలో గుత్తులు కోసే అక్కను తెలుగులో పలకరించండి. ఈ ఏడు పంట ఎట్లుంది, బోరు ఎంత లోతు, చెరువుకు నీళ్లొచ్చాయా అని అడగండి. తిరుగు దారిలో కైవారం పోండి, విదురాశ్వత్థం పోండి. పిల్లలను వెంట తీసుకుపోండి. విన్న చేను పేర్లు, చెరువు పేర్లు రాసి మన పత్రికకు పంపండి.

అంతా చేసి వచ్చాక కూడా ఆ పల్లె నిశ్శబ్దంగా ఉందనిపిస్తే, లోపం పల్లెలో లేదని మాత్రం ఒప్పుకోండి.