డయాలసిస్ ఒక్కటే చాలదు, ఆ ఇంటికి పని కూడా కావాలి



మన ఉద్దానంలో కిడ్నీ రోగి లేని ఊరు వెతుక్కోవాలి. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. మంచిదే, కాదనను.

కానీ లెక్క చూడండి. డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. తోడు వెళ్లినవాళ్ల కూలీ కూడా పోతుంది. ఒకరికి జబ్బు చేస్తే ఇంట్లో ఇద్దరి పని ఆగినట్టే.

ఆసుపత్రి వాళ్లకి జబ్బు తెలుసు, ఇంటి సంగతి తెలీదు. ఉపాధి హామీ వాళ్లకి జాబ్ కార్డు తెలుసు, జబ్బు తెలీదు. శిక్షణ ఇచ్చేవాళ్లు టౌన్లో ఉంటారు. మూడు చోట్లకీ తిరగాల్సింది మాత్రం రోగి ఇంటివాళ్లే!

నే చెప్పేది ఏటంటే, డయాలసిస్‌కి పేరు రాసిన రోజే ఆ ఇంటి వివరం మిగతా రెండు చోట్లకీ వెళ్లాలి. తోడు వచ్చే ఆడవాళ్లకి జీడిపప్పు గ్రేడింగ్, కొబ్బరిపీచు పని ఊళ్లోనే నేర్పాలి, డయాలసిస్ లేని రోజుల్లో పని ఇవ్వాలి. జబ్బు మొదట్లో ఉన్నవాళ్లకి మిట్టమధ్యాహ్నం ఎండపని తప్పించాలి.

వచ్చే గ్రామసభలో ఈ మూడూ కలిపి ఒకే తీర్మానంగా రాయిద్దాం. విడివిడిగా అడిగితే విడివిడిగానే తిప్పుతారు.