నరం సన్నగున్నదంట

అజీజ్‌నగర్ చౌరస్తాలో చేవెళ్ల బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దాయన ఒళ్లో పెద్ద స్కాన్ కవరు. పక్కన కూతురు రిపోర్టు చదువుతోంది. ‘కుడి వెర్టిబ్రల్ ఆర్టరీ హైపోప్లాస్టిక్’ అన్నచోట ఆమె వేలు ఆగింది. ‘‘నరం సన్నగున్నదంట నాయినా’’ అంది. ఆయన మొహం వాడిపోయింది. ‘‘మరి మందులేం రాయలేదేంది బిడ్డా?’’ అన్నాడు. ఆ వాక్యం చివర ‘నార్మల్ వేరియంట్’ అని కూడా రాసి ఉంది. దాన్ని తండ్రికి ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు.

మన వాడుకలో రక్తం తెచ్చేదీ నరమే, తీసుకుపోయేదీ నరమే, నొప్పి తెలిపేదీ నరమే. మెదడులో ధమని పగిలితే ‘నరం చిట్లింది’ అంటాం. అలాంటి చోట నరం సన్నగా ఉందంటే గుండె జారదా మరి? కానీ ఆ పెద్దాయనకున్నది రోగం కాదు. కొందరికి ఒక చెవి కొంచెం పెద్దగా ఉన్నట్టు, పుట్టుకతో వచ్చిన తేడా. కుడివైపు దారి ఇరుకైతే ఎడమవైపుది వెడల్పుగా ఉండి ఆ కొరత తీర్చడం మామూలే.

మెదడు బరువు కిలోన్నరకు కాస్త తక్కువ. ఒంటి బరువులో 2 శాతమే అయినా, గుండె పంపే రక్తంలో దాదాపు 15 శాతం దానికే కావాలి. ఆ రక్తం నాలుగు దారుల్లో పైకెక్కుతుంది. మెడ ముందువైపు రెండు ధమనులు, వెన్నుపూసల రంధ్రాల్లోంచి మరో రెండు (ఆ రిపోర్టులోని వెర్టిబ్రల్ ఆర్టరీలు ఇవే). నాలుగూ మెదడు అడుగున కలిసి ఒక వలయం కడతాయి. ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో ఒక పుస్తకంలో దాన్ని వివరంగా రాశాడు. ఆ పుస్తకానికి బొమ్మలు వేసినవారిలో క్రిస్టఫర్ రెన్ ఒకడు, తరవాతి కాలంలో లండన్ సెయింట్ పాల్ చర్చిని కట్టినవాడు. విల్లిస్ చూసిన ఒక దేహంలో కుడి మెడ ధమని పూర్తిగా పూడిపోయి ఉంది. అయినా ఆ మనిషి పక్షవాతంతో పోలేదు, వేరే జబ్బుతో పోయాడు. అదేవైపు వెన్ను ధమని రెండోవైపు దానికి మూడింతలు లావెక్కి భారం మోసింది. ఒక కాలువ పూడితే ఇంకో కాలువలోంచి మడికి నీరు మళ్లినట్టే.

ఆ వలయం పుస్తకంలో గీసినంత పూర్తిగా, సమంగా ఉన్నవారు సగం మంది కూడా ఉండరు. ఈ మాట దగ్గర కాస్త ఆగాలనిపిస్తుంది. మనం ‘మామూలు’ అని బొమ్మ గీసి పిల్లలకు నేర్పుతున్నది సగానికి పైగా తలల్లో లేదు!

అరుదైన తేడాలు మరింత ఆశ్చర్యం. నాలుగైదు వారాల పిండంలో మెదడు వెనక భాగానికి రక్తం ముందువైపు ధమనుల నుంచే, చిన్న చిన్న వంతెనల మీదుగా వెళ్తుంది. వెన్నువైపు ధమనులు ఎదిగి వచ్చాక ఆ వంతెనలు మూసుకుపోతాయి. వెయ్యిమందిలో ఒకరి నుంచి ఆరుగురి దాకా మాత్రం ట్రైజెమినల్ ధమని అనే వంతెన అలాగే మిగిలిపోతుంది. అమ్మ కడుపులో పడిన దారి అరవై ఏళ్ల మనిషి తలలో పారుతూనే ఉంటుంది. వేరే దేనికో స్కాన్ తీస్తే తప్ప ఆ సంగతి ఆయనకూ తెలియదు. కానీ ముక్కు గుండా పిట్యూటరీ గ్రంథికి ఆపరేషన్ చేయబోయే సర్జన్‌కు అది ముందే తెలిసి తీరాలి.

ఇంకొకటుంది, దాని గురించి ప్రతి ఇంట్లో తెలిస్తే బాగుండును. మెలకువను కాపాడడంలో థాలమస్‌కు పెద్ద పాత్ర. మెదడు నడుమ కుడి ఎడమల రెండు భాగాలుగా ఉండే దానికి సాధారణంగా ఏ వైపు రక్తం ఆ వైపే అందుతుంది. కొందరిలో ఒకే సన్నని కాడ రెండువైపులకూ చీలుతుంది. 1970లలో ఫ్రెంచి వైద్యుడు పెర్షెరాన్ వివరించిన ఆ ధమనికి ఆయన పేరే ఉంది. అది పూడుకుంటే మూతి వంకర పోకపోవచ్చు, చేయి పడిపోకపోవచ్చు. మనిషి నిద్రలోకి జారిపోతాడు, అంతే. తెల్లారగట్ల టమాటా పెట్టెలు బండికెత్తాల్సిన రైతు ఎంత లేపినా లేవకపోతే, ‘అలిసిపోయిండు, పండనీ’ అంటారు ఇంట్లోవాళ్లు. అది ప్రేమతో అనే మాటే. తొలి సీటీ స్కాన్‌లోనూ ఏమీ కనబడకపోవచ్చు. ఎంఆర్ఐలో బయటపడుతుంది. ధమనిని పూడ్చిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న వ్యవధి సాధారణంగా నాలుగున్నర గంటలే. ఉన్నట్టుండి లేపినా లేవని మనిషి కోసం 108కి ఫోన్ చేయడానికి ఇంకే లక్షణం కోసమూ ఎదురు చూడొద్దు.

ఇన్ని తేడాలు మొదట తెలిసింది యంత్రాలతో కాదు, మృతదేహాలను కోసి చూడడం వల్ల. మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపక్కల ఇప్పుడు వైద్య కళాశాలలు వచ్చాయి. డిసెక్షన్ హాలులో ఫార్మలిన్ వాసన కళ్లను మండిస్తుండగా, ఒక అమ్మాయి ట్రేలోని మెదడును మెల్లగా వెల్లకిలా తిప్పి, సాలెగూడు లాంటి పొరను చిమటాతో తొలగిస్తుంది. పుస్తకంలో ఉన్న కొమ్మ ఇక్కడ లేదు, వెతికిచ్చేవారూ లేరు. ఆ క్షణాన ఆమె నేర్చుకునేది ఏ పాఠంలోనూ దొరకదు. అందుకోసం తమ దేహాన్ని ఇచ్చి వెళ్లేవారున్నారు. 2024 సెప్టెంబరు 12న ఢిల్లీలో కన్నుమూసిన సీపీఎం నేత సీతారాం ఏచూరి దేహాన్ని కుటుంబం అక్కడి ఎయిమ్స్‌కు ఇచ్చింది. సరిగ్గా నెలకు, అక్టోబరు 12న హైదరాబాద్‌లో పోయిన ఢిల్లీ విశ్వవిద్యాలయ మాజీ ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహం గాంధీ వైద్య కళాశాలకు చేరింది. వారి రాజకీయాలతో విభేదించేవారూ ఆ బల్ల ముందు తల వంచుతారు.

ఒక చిన్న కోరిక. స్కాన్ రిపోర్టు కింద తెలుగులో రెండు వాక్యాలు రాస్తే ఏం పోతుంది? ‘ఇది జబ్బు కాదు, మీ పుట్టుక తీరు. ఇకపై ఏ ఆపరేషన్‌కు వెళ్లినా ఈ కాగితం చూపించండి.’ ఆ పెద్దాయనకు ఆ రోజు అంత మాత్రం చాలు.

కూతురు చివరికి తన మాటల్లోనే చెప్పింది. ‘‘ఏం కాదంట నాయినా, పుట్టుకతోనే అట్లున్నదంట.’’ ఆయన కాసేపు కవరు వైపు చూసి, మెల్లగా అడిగాడు. ‘‘మరి నీకు గూడ అట్లనే ఉన్నదా బిడ్డా?’’

‘‘నేను తీయించుకోలే నాయినా, తెల్వదు’’ అంది. బస్సు వచ్చింది.