ఫలాన్ని సగటు చేయడం ఫలత్యాగం కాదు

పోకర్ టోర్నమెంటు చివరి ఘట్టంలో తన చిప్పులన్నిటినీ ఒక్కసారిగా పణం ఒడ్డాలా, ముక్కలు పారవేసి వేచి ఉండాలా అని ఆటగాడు నిర్ణయించుకొనే క్షణమే గీతోక్త నిష్కామకర్మకు ఆధునిక దృష్టాంతమని కొందరు వాదిస్తున్నారు. ఉత్తమ క్రీడాకారుడు తన నిర్ణయం యుక్తమా కాదా అని మాత్రమే విచారిస్తాడట; తరువాత తెరుచుకొనే ముక్క తన అధీనంలో లేదని ఎరిగి, గెలిచినా పొంగడట, ఓడినా కుంగడట; కనుక అతడు కర్మయోగియట! శ్రవణసుభగమైన ఈ వాదం జిజ్ఞాసువును యోగానికి చేర్చదు, యోగభ్రాంతికి చేరుస్తుంది. కావున ఖండనీయం.

ముందుగా ఆ నిర్ణయ స్వరూపాన్ని యథాతథంగా చూద్దాం. లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీకి ప్రవేశ రుసుము 10,000 డాలర్లు. 2023లో 10,043 ప్రవేశాలు నమోదు కాగా, విజేతకు దక్కినది 1 కోటి 21 లక్షల డాలర్లు. ఇటువంటి పోటీలలో నిర్బంధ పందెం మొత్తం అంచెలంచెలుగా పెరుగుతుంది గనుక ఊరక కూర్చున్నవాని చిప్పులు కరిగిపోతాయి. తెగించినవాడు ఓడితే నిష్క్రమిస్తాడు. బహుమతి నిష్క్రమణ క్రమాన్ని బట్టి నిర్ణయమవుతుంది.

ముగ్గురు మిగిలారనీ, ముగ్గురి చిప్పులూ సమానమనీ, బహుమతులు 50, 30, 20 రూపాయలనీ అనుకుందాం. ప్రథమస్థానం దక్కే అవకాశం చిప్పుల పాలును అనుసరిస్తుందన్న ప్రసిద్ధ గణనపద్ధతి ప్రకారం ప్రతివాని స్థితి విలువ 33.33. ఇద్దరు సర్వస్వం ఒడ్డి తలపడితే, గెలిచినవాని విలువ 43.33 అవుతుంది, ఓడినవాడు 20తో లేచిపోతాడు. లాభం 10, నష్టం 13.33. అనగా గెలుపు అవకాశం నూటికి 57 పాళ్లకు మించితేనే ఆ సాహసం యుక్తం. ఏమీ చేయక చూస్తూ కూర్చున్న మూడవవాని విలువ మాత్రం 36.67కు పెరుగుతుంది!

ఇప్పుడు చెప్పండి: ఇందులో ఫలత్యాగం ఎక్కడ ఉన్నది? ఒడ్డడమూ ఫలగణనమే, మానడమూ ఫలగణనమే. ఈ ఒక్క ఆటలోని ఫలాన్ని ఉపేక్షించేది వేయి ఆటల ఫలాన్ని ఆశించియే. ఫలాన్ని దీర్ఘకాలంపై సగటు చేసినంత మాత్రాన కామ్యకర్మ నిష్కామం కాజాలదు. ఒక పంట పోయినా పది పంటలలో మిగులుతుందని నిబ్బరంగా ఉండే వడ్డీ వ్యాపారిని స్థితప్రజ్ఞుడని ఎవరైనా అంటారా?

జయాపజయాలలో ఏది కలుగునో తెలియదని వాపోయిన అర్జునునికి భగవానుడు గెలుపు అవకాశాలు లెక్కించి చెప్పలేదు. మరణించినా శ్రేయస్సే, జయించినా శ్రేయస్సే అన్నాడు. లాభనష్టాలను సమంగా భావించి స్వధర్మం ఆచరించమన్నాడు. అక్కడ నూటికి 57 పాళ్ల హద్దు లేదు. అవకాశం పదోవంతే అయినా కర్తవ్యం కర్తవ్యమే. అంతేకాక, ఫలాసక్తిని విడువవలసినది విహితకర్మలో. మనువు నిషేధించిన ద్యూతానికి అనాసక్తి అనే పసుపు పూసినంతనే అది విహితం కాదు.

విభూతియోగంలో భగవానుడు వంచకులలో ద్యూతం తానే అన్నాడు కదా అని ఆక్షేపిస్తారు. అదే అధ్యాయంలో సర్వహరమైన మృత్యువునూ తానే అన్నాడు. దానిని హత్యకు అనుమతిగా స్వీకరించేదెవరు? అది సర్వాత్మభావ నిరూపణం, విధివాక్యం కాదు.

నలుడు ఋతుపర్ణుని వద్ద అక్షహృదయం నేర్చి గెలిచాడు గనుక నైపుణ్యం దోషాన్ని కడుగుతుందనడం మరొక వాదం. నలుడు ఆ విద్యను పోగొట్టుకొన్న రాజ్యం తిరిగి పొందడానికి వినియోగించాడు. ఓడిన పుష్కరునికి అతని భాగం ఇచ్చి పంపాడు. ఆ గెలుపును వృత్తిగా చేసుకోలేదు. బృహదశ్వుని వలన అదే విద్యను పొందిన ధర్మరాజు, విరటుని కొలువులో కంకునిగా రాజుకు వినోదం కూర్చాడే గాని, రాజ్యం కోసం మరల పాచికలు పట్టలేదు. విద్య వచ్చిన తరువాత కూడా ఆ మార్గాన్ని విడిచిపెట్టడంలోనే అతని వివేకం ఉన్నది.

ద్యూతసభలో ద్రౌపది అడిగిన ప్రశ్న ఇక్కడా వర్తిస్తుంది: తనను తాను ముందే ఓడిపోయినవానికి పణం ఒడ్డే అధికారం ఎక్కడిది? గంటల తరబడి లోభభయాల నడుమ నలిగి, ఆ నలుగుబాటునే సమత్వమని భ్రమించే సాధకుడు ఓడిపోయినది చిప్పులను కాదు, ఆత్మపరీక్షను. ధనం పోయినవాడు తిరిగి ఆర్జించవచ్చు. తాను యోగినని నమ్మినవానికి యోగం కావాలన్న తపనే మిగలదు. ఆట ఆడదలచినవాడు ఆటగానే ఆడి, దాని పుణ్యపాపాలను తానే మోయుగాక; గీతాచార్యుని మాత్రం ఆ బల్లకు సాక్షిగా పిలువకుండుగాక.

శ్రీకృష్ణార్పణమస్తు.