పళ్లు నూరే రాత్రులకు బొటాక్స్ సూది!

కోపమొస్తే పళ్లు పటపటా కొరుకుతాం. కాసేపటికి కోపం చల్లారుతుంది, దవడలూ వదులవుతాయి. మరి ఏ కోపమూ లేకుండా, ఒళ్లెరగని నిద్రలో రోజూ అదే పని చేస్తుంటే? కొరికేవాళ్లకు ఆ సంగతే తెలియదు. పక్కన పడుకున్నవాళ్లకు మాత్రం ఎవరో రోట్లో గులకరాళ్లు వేసి రుబ్బుతున్నట్టు కరకరమని వినిపిస్తూ ఉంటుంది!

తెల్లారేసరికి దవడ బిగుసుకుపోయి ఉంటుంది. కణతల్లో పోటు. ఆవులిస్తే చెవి ముందు టక్కుమని చప్పుడు. చెవిపోటేమోనని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు కొందరు. తలనొప్పి అనుకుని రోజుకో మాత్ర మింగేవాళ్లు ఇంకొందరు. చివరికి ఏ పన్నో విరిగి డెంటిస్టు కుర్చీలో కూర్చున్నాక గానీ అసలు విషయం బయటపడదు. అదే బ్రక్సిజం. ఇదేమీ అరుదైన సమస్య కాదు. 1994లో కెనడాలో జరిగిన ఓ సర్వేలో పెద్దవాళ్లలో 8 శాతం మంది నిద్రలో పళ్లు కొరుకుతామని చెప్పారు.

ఇలాంటివాళ్లకు ఇప్పుడు సౌందర్య చికిత్స చేసే క్లినిక్కులు ఓ దారి చూపిస్తున్నాయి. ముఖం మీద ముడతలు పోగొట్టే బొటాక్స్‌నే దవడ కండరంలోకి ఎక్కిస్తాయి. నొప్పి తగ్గుతుంది, పనిలో పనిగా వెడల్పాటి ముఖం కోలగానూ మారుతుంది అంటాయి. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ సూది దేన్ని తగ్గిస్తుంది, దేన్ని తగ్గించదు అన్నది తెలుసుకున్నాకే బుగ్గ చూపించడం మంచిది.

కండరానికి రాత్రి కసరత్తు

రెండు చెంపల మీదా వేళ్లు ఆనించి, పళ్లు గట్టిగా బిగించి చూడండి. చెవికి కాస్త కింద ఓ గట్టి ముద్ద ఉబుకుతుంది. అదే మాసెటర్ కండరం. చెరుకు గడ చీల్చినా, చేగోడీ కొరికినా బలమంతా దానిదే. మెలకువగా ఉన్నప్పుడు పళ్ల మధ్య రాయి తగిలితే టక్కున ఆగిపోతాం. నిద్రలో ఆ జాగ్రత్త సరిగా పనిచేయదు. అందుకే పగలు ఎంత గట్టి పదార్థం నమిలినా పడనంత ఒత్తిడి రాత్రిపూట పళ్ల మీద పడుతుంటుంది. పింగాణీ పొర అరిగిపోతుంది. చల్లనివి తగిలితే జివ్వుమంటుంది. ఫిల్లింగులు ఊడిపోతాయి.

రోజూ బరువులెత్తితే చేతి కండలు పెరిగినట్టే, రాత్రంతా పనిచేసే మాసెటర్ కూడా పెరుగుతుంది. దాంతో కొందరి ముఖం కింది భాగంలో నలుచదరంగా కనిపిస్తుంది. పంటి డాక్టరు చూడాల్సిన నొప్పి బ్యూటీ క్లినిక్ మెట్లెక్కింది ఈ దారిలోనే.

తప్పు పంటిది కాదు

పై పళ్లు, కింది పళ్లు సరిగా కలవకపోవడం వల్లే ఇలా జరుగుతుందని ఒకప్పుడు అనుకునేవారు. పళ్లు అరగదీసి సరిచేసేవారు కూడా. ఇప్పుడు వైద్యులు చెప్పేది వేరు. నిద్ర మధ్యలో మెదడు కొన్ని క్షణాలపాటు మెలకువకు దగ్గరగా వస్తుంది. గుండె వేగం కాస్త పెరుగుతుంది. ఆ వెంటనే దవడ కండరాలు లయగా కదలడం మొదలెడతాయి. అంటే తాళం వేసేది పళ్లే అయినా, వేయించేది మెదడు!

మానసిక ఒత్తిడి, ఆందోళన దీన్ని పెంచుతాయి. పొద్దుపోయాక తాగే కాఫీ, సిగరెట్లు, మద్యం కూడా అంతే. కుంగుబాటుకు వాడే ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటి మందులతో కొందరిలో మొదలవుతుంది. అలాగని వాటిని సొంతంగా మానేయకూడదు, రాసిచ్చిన డాక్టరుకే చెప్పాలి. అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది గురక. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లలో పళ్లు కొరకడం కూడా కనిపిస్తుంటుంది. దాన్ని వదిలేస్తే బీపీ, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది.

పిల్లలు పళ్లు కొరికితే కడుపులో పురుగులున్నాయని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటుంటారు. నులిపురుగులే కారణమనడానికి గట్టి రుజువు లేదు. పిల్లల్లో ఈ అలవాటు మామూలే, పెరిగేకొద్దీ చాలామందిలో దానంతటదే పోతుంది. వాళ్లకు బొటాక్స్ ప్రసక్తే అక్కర్లేదు.

విషం మందైన కథ

బొటాక్స్ పుట్టుక విచిత్రమైనది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో జర్మనీలో పాడైన సాసేజ్‌లు తిని జనం చనిపోతుంటే, జస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు ఆ విషం లక్షణాలను వివరంగా రాసిపెట్టాడు. దాన్ని కొద్దిగా వాడితే అదుపు తప్పిన కండరాల కదలికలకు మందు కావచ్చని కూడా అప్పుడే ఊహించాడు. 1895లో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే ఊళ్లో అంత్యక్రియలకు వచ్చిన వాద్యకారులు నిల్వచేసిన పంది మాంసం తిని జబ్బుపడ్డారు. ముగ్గురు చనిపోయారు. ఆ మాంసం నుంచే ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త విషానికి కారణమైన బ్యాక్టీరియాను పట్టుకున్నాడు.

దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో కంటి వైద్యుడు అలన్ స్కాట్ అదే విషాన్ని అతి స్వల్ప మోతాదులో మెల్లకన్ను సరిచేయడానికి వాడాడు. 1989లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ మెల్లకన్నుకీ, కనురెప్పల బిగుతుకీ అనుమతిచ్చింది. కెనడాలో జీన్ కరూథర్స్ అనే కంటి డాక్టరు రెప్పల బిగుతుకు ఈ సూది వేస్తుంటే, కనుబొమల మధ్య ముడతలు కూడా పోవడం కనిపించింది. ఆమె భర్త అలస్టర్ చర్మ వైద్యుడు. ఇద్దరూ కలిసి దాన్ని ముడతల చికిత్సగా మలిచారు. 2002లో దానికీ ఎఫ్‌డీఏ ముద్ర పడింది. 2010లో దీర్ఘకాలిక మైగ్రేన్‌కు అనుమతి వచ్చింది. పళ్లు కొరకడం మాత్రం ఎఫ్‌డీఏ అనుమతించిన జాబితాలో లేదు. డాక్టర్లు తమ విచక్షణతో వాడుతున్నారంతే.

సూది ఏం చేస్తుంది?

నరం నుంచి కండరానికి 'బిగుసుకో' అన్న కబురు మోసుకెళ్లేది అసిటైల్‌కోలిన్ అనే రసాయనం. బొటాక్స్ దాన్ని బయటికి రానివ్వదు. కబురందని కండరం మెత్తబడుతుంది. ఒక్కో చెంపలో రెండు మూడు చోట్ల సూది వేస్తారు. పని పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. కొద్ది రోజుల నుంచి రెండు వారాల్లోగా దవడ బిగువు సడలుతుంది. పనిలేని కండరం నెలా రెండు నెలల్లో సన్నబడుతుంది కాబట్టి ముఖం ఆకారంలోనూ తేడా కనిపిస్తుంది. మూడు నాలుగు నెలలయ్యాక నరాలు మళ్లీ పుంజుకుంటాయి. పట్టు తిరిగొస్తుంది. అప్పుడు మళ్లీ సూది, మళ్లీ బిల్లు!

అన్నిటికీ మించి గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. కొరియా పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, సూది తర్వాత కండరం బిగిసే బలం తగ్గింది గానీ, నిద్రలో దవడ కదిలే సందర్భాలు తగ్గలేదని తేలింది. కొరకమని మెదడు చెబుతూనే ఉంటుంది, కండరానికే ఓపిక ఉండదు. బలం తగ్గితే నొప్పికి ఉపశమనం దొరకొచ్చు. కానీ ఒత్తిడో, ఆప్నియానో అసలు కారణమైతే అది లోపల అలాగే ఉంటుంది. పైగా నొప్పి అనే హెచ్చరిక గంట మోగడం ఆగిపోతుంది.

అందం మాటేమిటి?

ముఖం సన్నబడటం అందరికీ నప్పదు. కాస్త వయసు మీద పడినవాళ్లలో కింద ఆసరా తగ్గి చెంపలు జారినట్టో, లోపలికి పోయినట్టో కనిపించొచ్చు. మందు పక్క కండరాలకు పాకితే నవ్వు కొన్ని వారాలపాటు వంకరపోతుంది. మటన్ ముక్కో, జంతికో నమలబోతే దవడ త్వరగా అలిసిపోతుంది. పదేపదే వేయించుకుంటే, పని తగ్గిన దవడ ఎముక పల్చబడుతుందా అన్న అనుమానమూ పరిశోధకుల్లో ఉంది. జంతువుల మీద పరీక్షల్లో అలా కనిపించింది.

మందు ప్రభావం దూరంగా వ్యాపించే ప్రమాదముందని 2009లో ఎఫ్‌డీఏ ప్యాకెట్ మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. సూది తర్వాత మింగడం, ఊపిరి తీసుకోవడం, మాట్లాడటం కష్టమైతే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మయస్తీనియా గ్రావిస్ లాంటి కండరాల బలహీనత జబ్బులున్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు.

ముందు ఇవి చేసి చూడండి

* మొదట డెంటిస్టుకు చూపించండి. పళ్ల కొలత తీసి చేసే గట్టి నైట్‌గార్డు కొరకడాన్ని ఆపదు గానీ పళ్లు అరగకుండా కాపాడుతుంది. బజార్లో దొరికే మెత్తటి రబ్బరు గార్డులతో కొందరు ఇంకా ఎక్కువ కొరుకుతారు.

* గట్టి గురక, పగటి నిద్ర, లేవగానే తలనొప్పి ఉంటే నిద్ర పరీక్ష చేయించుకోండి. ఊపిరి ఆగుతోందేమో పక్కన పడుకునేవాళ్లను అడగండి.

* పగలు కూడా దవడ బిగిస్తున్నారేమో గమనించండి. పెదాలు కలిసి ఉండాలి, పళ్లు విడిగా ఉండాలి. తిననప్పుడు పళ్లు తగలాల్సిన పనే లేదు.

* నొప్పి ఉన్న రోజుల్లో వక్కలు, చూయింగ్ గమ్, గట్టి పిండివంటలు మానండి. పడుకునే ముందు వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో చెంపలకు కాపడం పెట్టండి.

* దవడ నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది పళ్ల గొడవ కాకపోవచ్చు. క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ఇవన్నీ చేసినా నొప్పి వేధిస్తుంటే అప్పుడు సూది గురించి ఆలోచించొచ్చు. అయితే వేసేది ఎవరు, వాళ్ల అర్హత ఏమిటి, ఏ కంపెనీ మందు, ఎన్ని యూనిట్లు అని అడిగి తెలుసుకోండి. ఒక కంపెనీ యూనిట్ ఇంకో కంపెనీ యూనిట్‌తో సమానం కాదు. సీసా మీద గడువు తేదీ కూడా చూడండి. ఇంకో మాట కూడా అడగండి.. 'నా నొప్పికి కారణమేమిటో కనుక్కున్నారా?' అని. దానికి జవాబు చెప్పకుండా ముఖం ఎంత సన్నబడుతుందో చెబుతుంటే, ఆ క్లినిక్ చూస్తున్నది మీ జబ్బును కాదు!