కారుకు మేత

కరెంటు కారు కొంటే నలుగురిలో గౌరవం పెరుగుతుందని చెప్పినవారున్నారు. పెరిగిన మాట నిజమే. అయితే కారులో కరెంటు అంతకంటె వేగంగా తరుగుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా కాపురం నాచారంలో, ఫ్లాటులో. నేను పాఠాలు చెప్పేది ఉప్పల్లో. మా బాపు ఉండేది కీసరలో. గుట్ట కనబడని చోట నిద్ర పట్టదంటాడు. ఈ మూడు ఊళ్ళ మధ్య తిరగడానికే కారు. కొన్న వారానికే సెల్లారులో ప్లగ్గు పెట్టుకుంటానని అపార్టుమెంటు సంఘానికి అర్జీ ఇచ్చాను. మీటింగు వేశారు. ముగ్గురు మంటల గురించి మాట్లాడారు, ఇద్దరు మీటరు గురించి మాట్లాడారు. పంపు మోటారు తప్ప మరో విషయం ఎరగని పెద్దమనిషి ఒకాయన పంపు మోటారు గురించి మాట్లాడారు. ప్లగ్గు మాత్రం రాలేదు. కొత్తగా కట్టే ఇళ్ళలో బండ్లు నిలిపే జాగాలో నూటికి 20 వంతులు కరెంటు బండ్లకు ఏర్పాటు ఉండాలని కేంద్రం వారు 2019లో నమూనా నిబంధనలు సవరించారు. మాది అంతకు పదేళ్ళ ముందు లేచిన బిల్డింగు. దానికి ఈ సంగతి చెప్పేవారు లేరు.

కనుక నాకు గతి ఉప్పల్ రింగు రోడ్డు వైపున్న ఒక మాల్. పేరెందుకు లెండి. దాని సెల్లారులో రెండు చార్జింగు యంత్రాలున్నాయి.

ఇక్కడ చిన్న లెక్క చెప్పాలి. లెక్కలు నా సబ్జెక్టు కాదు, అవసరం నేర్పింది. నా కారు బ్యాటరీలో 30 యూనిట్లు పడతాయి. గంటకు ఏడు యూనిట్లు పోసే యంత్రానికి పెడితే నిండడానికి నాలుగు గంటలు దాటుతుంది. గంటకు 30 యూనిట్లు పోసేవీ ఉన్నాయి గాని, అవీ నూటికి ఎనభై నిండాక నెమ్మదిస్తాయి. బిందె అంచుకు వచ్చేసరికి ధార తగ్గించమూ, అలాగన్న మాట. పెట్రోలు బంకులో అయిదు నిమిషాల పని. కరెంటు బండికి అలా కుదరదు. మనిషి ఎలాగూ ఆగే చోటే బండి తాగాలి. మనిషి గంటల తరబడి ఆగే చోటు ఏది? ఇల్లు, ఆఫీసు, ఆ తరువాత మాల్. తెలుగు సినిమా రెండు ముప్పావు గంటలు ఆడితే కారులో ఇరవై యూనిట్లు పడతాయి. అంటే నూరు కిలోమీటర్ల పైమాటే. మన సినిమాలు మరీ పొడుగని విసుక్కునేవాణ్ణి, ఇప్పుడు దర్శకులను ఏమీ అనను.

ఈ యంత్రం పెట్టుకోవడానికి కొట్టువాడికి లైసెన్సు కూడా అక్కర్లేదు. బండికి కరెంటు పెట్టడం కరెంటు అమ్మకం కిందకు రాదు, సేవ కిందకు వస్తుందని 2018 ఏప్రిల్లో కేంద్ర విద్యుత్ శాఖ తేల్చి చెప్పింది. మాల్ వాడు పెట్టుకోవచ్చు, కిరాణా సేటూ పెట్టుకోవచ్చు. ఇంతవరకూ బాగానే ఉంది.

ఒక శనివారం సాయంత్రం బాపు ఫోను. బీపీ మాత్రలు అయిపోయాయి, కీసరలో ఆ రకం దొరకలేదు. మాత్రలు కొని చూసుకుంటే కారులో తొమ్మిది వంతులే ఉంది. కీసర ఇరవై కిలోమీటర్ల దాకా, ఆ పైన తిరిగి రావాలి. మాల్‌కు పోయాను. ఒక యంత్రానికి ప్లాస్టిక్ సంచీ తొడిగి ఉంది. రెండోదాని ముందు, 'చార్జింగు' అని ఇంగ్లీషులో రాసిన పచ్చ గళ్ళలో, నిగనిగలాడుతూ పెట్రోలు కారు!

"మైకుల పిలిచినం సార్, సిన్మాల ఉన్నడట" అన్నాడు వాచ్‌మన్, తప్పు తనదైనట్టు.

గంటన్నర నిలబడ్డాను. ఏడున్నరకు ఆసామీ వచ్చాడు, చేతిలో పేలాల డబ్బా. "ఖాళీగా ఉంటే పెట్టానండీ, వేరే ఎక్కడా జాగా లేదు" అన్నాడు. న్యాయంగా చెప్పాలంటే, నిజంగానే లేదు. తెల్లవార్లూ వాడని పీట మీద ఎవరో కూర్చుంటే మనం ఏమనగలం? నా నోట మాట రాలేదు. కారుకు తీగ తగిలించి, ఈసీఐఎల్ దాకా ఒక బస్సు, అక్కడినుంచి ఇంకో బస్సు పట్టుకుని కీసర చేరాను.

"బండేదిరా?" అన్నాడు బాపు, మాత్రలు అందుకుంటూ.

"ఉప్పల్ల మాల్‌ల ఉంది బాపూ. చార్జింగు పెట్టి వచ్చిన."

"అంటే మేతకు కట్టేసి వచ్చినవ్."

బాపు చిన్నతనంలో మా తాత వెంట ఎడ్ల బండి మీద ధాన్యం వేసుకుని ఉస్మాన్‌గంజ్‌కు పోయేవాడట. తాత ఏరికోరి ఒకే సేటు దగ్గర బండి విప్పేవాడు. ఆ సేటు దుకాణం వెనక నీళ్ళ తొట్టి, ఎడ్లకు గడ్డి ఉండేవి. పైస తీసుకునేవాడు కాడు. "ఎడ్లు మేసేదాక మనం యాడికి పోతం? ఆడనే కూసుంటం. కూసున్నంక ధర ఆయన చెప్పిందే" అన్నాడు బాపు. తరువాత గంజ్‌లో రద్దీ పెరిగింది, సేటు గడ్డికి ధర కట్టాడు. తాత మానలేదు. ఎడ్లకు ఆ జాగా అలవాటైపోయింది.

ఇంగ్లండులో టెస్కో అనే పెద్ద కొట్ల కంపెనీ 2018లో ఫోక్స్‌వాగన్ కారు కంపెనీతో కలిసి ఇదే చేసింది. సరుకులు కొనేవారి కార్లకు ఉచితంగా కరెంటు. 2022 నవంబరులో గడ్డికి ధర కట్టింది. మా తాతకు ఇంగ్లీషు రాదు గాని ఈ కథ చెబితే మధ్యలోనే ముగింపు చెప్పేసేవాడు. ఫ్రాన్సు వారు వ్యాపారి దయకు వదలలేదు. ఇరవై బండ్లకు మించి జాగా ఉన్న కొట్లూ ఆఫీసులూ 2025 నాటికి ఒక్క చార్జింగు యంత్రమైనా పెట్టి తీరాలని చట్టమే చేశారు.

నాకు అసలు బెంగ నా గురించి కాదు. సొంత గోడ ఉన్నవాడు రాత్రి గోడకు తగిలించుకుని పడుకుంటాడు. గోడ లేనివాడికే బజారు యంత్రం కావాలి. మా నాచారంలో ఇంటింటికీ తిండి చేరవేసే కుర్రాళ్ళకు అద్దె గదులు, పైన మూడో అంతస్తు. స్కూటరు మెట్లెక్కదు. వాళ్ళకోసం ఒక చిన్న కొట్టు ముందు ఇనప బీరువా ఒకటి వెలిసింది. ఖాళీ బ్యాటరీ అందులో పెట్టి నిండుది తీసుకుని రెండు నిమిషాల్లో పోతారు. పచ్చ గళ్ళు లేవు, అద్దాలు లేవు. పనిచేయని రోజు మాత్రం నేను చూడలేదు. మాల్ వారి యంత్రం వచ్చేవారికి కనబడేటట్టు లిఫ్టు పక్కనే ఉంది. దానికి తొడిగిన సంచీ కూడా అలాగే కనబడుతుంది.

రాత్రి పదిన్నరకు తిరిగివచ్చి, కారు విప్పుకుని, మేనేజరును కలిశాను. మర్యాదస్తుడు. "మా బోర్డు ఇంగ్లీషులో ఉంది, అందరికీ తెలియడం లేదు. మీరు తెలుగు మేష్టారు కదా, ఒక బోర్డు రాసివ్వండి" అన్నాడు.

నేను ఎం.ఏ. తెలుగు. రెండు రోజులు పట్టింది. 'విద్యుద్వాహన పూరణ స్థలము' అని రాసి నేనే సిగ్గుపడ్డాను. కీసరగుట్ట రాతి మీద విష్ణుకుండినుల నాటిదని పండితులు చెప్పే మాట ఒకటి ఉంది: 'తొలచువాండ్రు'. రాయి తొలిచేవాళ్ళు తమ పని పేరును ఒక్క మాటలో చెక్కి పోయారు. నాకా ఒక్క మాట దొరకలేదు. 'మేత' అందామంటే మేనేజరు ఒప్పుకునేటట్టు లేడు. చివరకు 'కరెంటు బండ్లకు మాత్రమే. పెట్రోలు బండ్లు పెట్టరాదు' అని రాసిచ్చాను. పెద్ద అక్షరాలతో కట్టారు. వాచ్‌మన్ పైకి చదివి, "మంచిగుంది సార్, ఇగ ఎవ్వరూ పెట్టరు" అన్నాడు.

మరుసటి ఆదివారం వెళ్ళాను. బోర్డు కిందనే ఒక కారు ఉంది. డీజిలుది.